మా పిల్ల

ఒంటిగంట దాటి రెండు నిమిషాలయింది. మగవాళ్ల వార్డు బయట బల్ల మీద కూర్చున్నాను. పిట్ట డ్యూటీకి వచ్చేది రెండింటికి, అంబులెన్సు వచ్చేదీ రెండింటికే. మధ్యలో ఉన్న ఈ గంట నాది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అదే గడిచిపోతుంది. ఆరో నంబరు మంచం మీది ముసలాయన్ని స్ట్రెచర్ మీద వేసి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోతారు. తలలో రక్తం గడ్డకట్టింది, తిరిగి వస్తాడన్న నమ్మకం డాక్టరమ్మకే లేదు. పిట్ట వచ్చి, రిజిస్టరు తెరిచి, ఆరు ఖాళీ అని చూసుకుని, దుప్పటి మార్పించి తన పనిలో పడిపోతుంది. హెడ్ సిస్టరు కదా, ఒక్క మంచం గురించి ఆలోచిస్తూ కూర్చునే తీరిక దానికెక్కడిది. ఆయన తన తండ్రి అని దానికి తెలియదు. తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన చెప్పొద్దన్నాడు. నేను చెప్పకుండా ఉండడంలో ఆరితేరినదాన్ని.

ఆయమ్మ తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ వచ్చి, "కాళ్లు పైకి పెట్టుకోండి దొరసానమ్మా" అంది. పెట్టుకున్నాను. డెబ్బై ఏళ్ల తెల్లకాళ్లు, పాదాలు మాత్రం ఈ ఎండలకి ఎప్పుడో రంగు మారిపోయాయి, చెప్పుల పట్టీల కింద పాత రంగు రెండు గీతలుగా మిగిలింది. ఫినాయిలు వాసన గుప్పుమంది. ఇదంటే నాకు ఇష్టం. అమ్మ దగ్గర ఏం వాసన వచ్చేదో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాదు, ఓడ ఎక్కే ముందు రేవులో కావలించుకున్నప్పుడు ఆఖరు, ఆ తర్వాత ఆవిడ పోయిన సంగతి ఉత్తరంలో వచ్చింది, నెలన్నర ఆలస్యంగా. ఆ నెలన్నరా ఆవిడ బతికే ఉందనుకుని నేను ఇక్కడ నవ్వుతూ తిరిగాను. ఇరవై ఏడేళ్లప్పుడు వచ్చాను. ఆత్మల్ని రక్షించడానికి బయలుదేరిన యువతి అని, నన్ను పంపినవాళ్లు తమ పత్రికలో ఫోటో వేసి మరీ రాశారు. వచ్చిన వారానికే ఇక్కడి పెద్ద నర్సు నా చేతికో బ్రష్షూ బకెట్టూ ఇచ్చి పురుళ్ల గది కడగమంది. నలభై మూడేళ్లుగా కడుగుతూనే ఉన్నాను. ఆత్మల సంగతి దేవుడికే తెలియాలి.

ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక చోట కిర్రుమంటోంది. పంతులుగారి గదిలో ఫ్యానూ ఇలాగే కిర్రుమనేది, ఆయన దాంతో గొంతు కలిపి నాకు అక్షరాలు దిద్దించేవారు. నాలుక ఎక్కడ ఆనించాలో చూపించడానికి పాపం ముసలాయన నోరు తెరిచి కూర్చునేవారు. నా భాషలో ఇప్పుడు ఎక్కాలు మాత్రమే చెప్పుకుంటాను, మిగతావన్నీ ఈ భాషలోనే, కలలతో సహా. అప్పుడలా కాదు. వచ్చిన మూడో నెలలో ప్రార్థన చెయ్యమంటే లేచి నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, మనం పాపులం, మనల్ని క్షమించు" అన్నాను. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకోవడం కళ్లు మూసుకున్నా తెలిసింది. తర్వాత చర్చి అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, "దేవుణ్ణి కూడా మనలో కలిపేశారమ్మా. ఆయన్ని వదిలేయండి, పాపం" అన్నారు. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. నా భాషలో రెంటికీ ఒకటే మాట. లోపలున్నాడో బయటున్నాడో వినేవాడే ఊహించుకుంటాడు, మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. వారం రోజులు ఆసుపత్రంతా నా ప్రార్థన చెప్పుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఎందుకొచ్చిన గొడవ అని మనం అనే మాటే నోట్లోంచి తీసేశాను. ఎవరితో మాట్లాడినా మేము, మా. దేవుడికి మర్యాద, నాకు క్షేమం అనుకున్నాను.

ఒంటిగంట పన్నెండు. వార్డు లోపల ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు. ఆ రోజు కూడా ఇదే చప్పుడు, పసిగుడ్డు కోసం పాలు చల్లారుస్తూ నేనే తిప్పుతున్నాను. వచ్చి ఎనిమిది నెలలయింది. ఆమె పేరు కూడా సరిగ్గా పలకడం రాలేదు నాకు, పిట్ట తల్లి పేరు. పురుడైన మూడో నాడు, పొద్దున్న పదింటికి, నా చెయ్యి పట్టుకునే పోయింది. నెత్తురు ఆగలేదు. ఆయన అప్పుడు పాతికేళ్ల మనిషి, రోడ్డు పనివాడు, కబురు అందుకుని పని మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు, మోచేతుల దాకా తారు. బిడ్డని అందిస్తే ఒంటికి ఆనించుకోలేదు, తారు అంటుకుంటుందని చేతులు చాచి దూరంగా పట్టుకున్నాడు, వేడి గిన్నెని పట్టుకున్నట్టు. గేటు దగ్గర కాపలా ఉండే గేటు తాత ఒక్కడే పక్కనున్నాడు. బిడ్డ తండ్రి ఏడవలేదు. బిడ్డని చూశాడు, నన్ను చూశాడు. "పిల్లనేం చేద్దామమ్మా?" అన్నాడు. చేద్దాం అన్నాడు. నన్ను కూడా కలుపుకుని అడిగాడు. ఆ ఒక్క అక్షరంలో నాకు చోటిచ్చాడని తెలియడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. నేను మనసులో అనుకున్నది ఇది: ఇది మన పిల్ల, మనం చూసుకుందాం, మీరు వెళ్లి రండి. నోటితో అన్నది ఇది: "మా పిల్ల. మేము చూసుకుంటాం. మీరు వెళ్లండి."

మూడు వాక్యాలు. వ్యాకరణంలో వేలు పెట్టి చూపించడానికి ఒక్క తప్పు లేదు. ఈ మనుషులు ఎవర్నీ వెళ్లండి అని పంపరు, వెళ్లి రండి అంటారు, శత్రువునైనా సరే. అది పాఠాల్లో ఉండదు, వీళ్ల నోళ్లలో ఉంటుంది. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. నేను నవ్వాను కూడా, ధైర్యం చెబుతున్నాననుకుని. "సరేనమ్మా" అని బిడ్డని నా చేతుల్లో పెట్టి, వేలి వెనక వైపు, తారు లేని చోట, దాని పాదానికి ఒకసారి తాకించి వెళ్లిపోయాడు. సాయంత్రం పంతులుగారితో, ఇవాళ తడుముకోకుండా మూడు వాక్యాలు మాట్లాడానండీ అని గొప్పలు పోయాను. శభాష్ అన్నారాయన, ఏ మూడని అడగలేదు.

వస్తాడనుకున్నాను. వారం చూశాను, నెల చూశాను. ఆడపిల్ల కదా, వదిలించుకున్నాడు, వీళ్లంతా ఇంతే అన్నారు తోటి నర్సులు. ఎనిమిది నెలల అనుభవం నాది, నమ్మేశాను. అరచేతిలో పెట్టుకుని పెంచడం అంటారే, అది నిజంగానే అరచేతిలో పట్టేది, అందుకే పిట్ట అయింది. చుట్టూ వేడినీళ్ల సీసాలు పెట్టి బుట్టలో పడుకోబెట్టాను. దూదివత్తితో పాలు పిండాను. సైకిలు ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని పురుళ్లు పొయ్యడానికి ఊళ్లన్నీ తిరిగాను. వంటావిడ దానికి నన్ను పెద్దమ్మా అని పిలవడం నేర్పింది. నాలుగేళ్లప్పుడు ఒకరోజు, "మేము ఆడుకుందామా పిట్టా?" అన్నాను. అది నడుం మీద చేతులు పెట్టుకుని, "మేము అంటే నేను లేను కదా పెద్దమ్మా. మనం అను" అంది. అన్నాను. పదిసార్లు అనిపించింది. మనం, మనం, మనం. పాలపళ్ల నోటితో అది నాకు ఆ మాట నేర్పింది. అదే మాట దాని తండ్రి ముందు నా నోట రాలేదని నాకు అప్పుడైనా తట్టలేదు. ఆడుకున్నాం, అంతే.

ఒంటిగంట ఇరవై ఐదు. ఆయమ్మ బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది. నేల ఆరుతోంది, మచ్చలు మచ్చలుగా. గేటు తాత పని మానేసే రోజున టీలు తాగుతూ కూర్చున్నాం, పిట్టకి పదకొండేళ్లు, ఆ ఏడు తరగతిలో మొదటిది వచ్చింది. తాత దాన్ని చూసి మురిసిపోయి, "ఆ తండ్రి చూస్తే ఎంత సంతోషించేవాడో. రెండుసార్లు వచ్చాడమ్మా పాపం, దీనికి ఆరు నెలలప్పుడోసారి, రెండేళ్లప్పుడోసారి. మీరు సైకిలు మీద తీసుకెళ్తుంటే గేటు పక్క నిలబడి చూసి వెళ్లిపోయాడు" అన్నాడు. లోపలికెందుకు రాలేదని అడిగాను. తాత నన్ను వింతగా చూశాడు. "మా పిల్ల, మీరు వెళ్లండి అని మీరే అన్నారు కదమ్మా. నేనక్కడే ఉన్నాను. అంత మాటన్నాక ఎలా వస్తాడు?" టీ గ్లాసు చేతిలోనే ఉంది, కాలుతోందని తెలియలేదు. అంత మాట. నేను అంత మాట అన్నానని పదకొండేళ్లుగా తాతకి తెలుసు, ఎవరితోనూ అనలేదు. దొరసాని కదా, గట్టి మనిషి, అలాగే అంటుంది అనుకున్నాడు.

వెతికాను. వెతికాను అని చెప్పుకోవడానికి సరిపోయేంత వెతికాను. రోడ్డు ఎటు సాగితే అటు సైకిలు తొక్కుకుంటూ వెళ్లి రెండు చోట్ల అడిగాను, ఆయనెక్కడున్నాడో ఎవరికీ తెలియదన్నారు. మూడో చోటు ఒకటుంది. ఏటి అవతల వంతెన పని జరుగుతోంది, అక్కడున్నాడేమో అని ఒక మేస్త్రీ చెప్పాడు. నేను వెళ్లలేదు. పొద్దుపోతోందనీ, సైకిలు టైరులో గాలి తక్కువగా ఉందనీ నాకు నేనే చెప్పుకున్నాను. వెనక్కి వస్తూ పాట పాడుకున్నాను. అదీ నా పాపం. భాష రాక అన్న మాట కాదు, ఆ పాట. పిట్ట నాదే, ఎవరూ రారు, ఎవరూ తీసుకెళ్లరు అని ఒళ్లంతా తేలికైపోయి పాడిన పాట. పెళ్లి లేదు, పిల్లల్లేరు, అన్నీ వదులుకుని సేవకి వచ్చినదాన్నని అందరూ నన్ను పొగుడుతూ ఉంటే నేను ఒకరి బిడ్డని దాచుకుని కూర్చున్నాను.

పదమూడేళ్లప్పుడు జడ వేస్తుంటే అడిగింది. "ఆడపిల్లనని వదిలేసి పోయాడు కదా పెద్దమ్మా?" దాని తల వెనక ఉన్నాను, ముఖం కనబడదు, చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది. పాల కోసం ఇక్కడుంచాడమ్మా అన్నాను. అది నవ్వింది, అలా నవ్వడం దానికి అప్పుడే వచ్చింది. ఆ కోపం మీదే బతుకంతా కట్టుకుంది. నర్సు చదివింది, పురుళ్ల వార్డులో ఒక పద్ధతి పెట్టింది: బిడ్డ పుట్టగానే తుడిచి మొట్టమొదట తండ్రి చేతికివ్వాలి, అమ్మమ్మలకీ నానమ్మలకీ తర్వాతే. ఆడపిల్ల అని ఎవడైనా ముఖం తిప్పుకుంటే గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. "నన్నూ ఒకాయన ఇలాగే వదిలేసి పోయాడు. నాకేం కాలేదు చూడు. పట్టుకో ముందు" అంటుంది. వాళ్లు పట్టుకుంటారు. ఇన్నేళ్లుగా ఎంతమంది తండ్రులు దానివల్ల బిడ్డల్ని పట్టుకున్నారో. నేను వరండాలో నిలబడి అది అలా అనడం విన్నప్పుడల్లా తల వంచుకుని, ఏదో పని ఉన్నట్టు దుప్పట్లు మడతపెట్టేదాన్ని.

ఇవాళ పొద్దున ఏడింటికి అలవాటు కొద్దీ మంచాల దగ్గరికి వెళ్లాను. పని మానేసి పదేళ్లయినా మంచినీళ్లందించి, ఒక మాట మాట్లాడి, ప్రార్థన కావాలన్నవాళ్లకి చేసి వస్తాను. ఆరో నంబరు కేసు కాగితం మీద పేరు దగ్గర తాత అని ఉంది, నిన్న తీసుకొచ్చిన మేస్త్రీకి అంతకన్నా తెలియదట. పరంజా మీంచి పడ్డాడు. బంధువు అన్న గడి ఖాళీ. నీళ్లు తాగించాను. తాగి, నన్నే చూస్తూ, "ముసలైపోయారమ్మా" అన్నాడు. మామూలు మాటే అనుకుని నవ్వాను. "మీ పిల్ల బాగుందా?" అన్నాడు. ఏ పిల్ల అన్నాను. "నా భార్య పోయినప్పుడు మీరు తీసుకున్నారు కదమ్మా. ఆ పిల్ల." మీ పిల్ల. నలభై రెండేళ్ల కిందట నేనన్న మాటని ఆయన ఇంతకాలం తప్పకుండా మోసుకొచ్చాడు. బాగుందన్నాను, ఇక్కడే హెడ్ సిస్టరన్నాను, ఇద్దరు పిల్లలన్నాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు నవ్వుతూ పడుకున్నాడు. లోపలికి రావలసింది కదా అన్నాను. "ఇచ్చేశాక మళ్లీ గుమ్మంలోకి రావడం బాగుండదమ్మా" అన్నాడు. నేను అలా అనాలనుకోలేదు, నాకు భాష రాదు అప్పుడు అని చెప్పబోయాను. చెప్పానో లేదో కూడా తెలియదు, మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. "దానికి చెప్పకండమ్మా. సుఖంగా ఉంది కదా. కలత పెట్టొద్దు" అన్నాడు. అంతలోనే మగత కమ్మింది.

ఒంటిగంట నలభై. ఆయనే వద్దన్నాడు. పోయేముందు మనిషి కోరిన కోరిక, అది మన్నించడం మర్యాద కాదా. పిట్టకి నలభై రెండేళ్లొచ్చాక ఇప్పుడు తండ్రిని చూపించి గంటలో తీసేసుకోవడం ఏం న్యాయం. ఎన్ని కారణాలైనా దొరుకుతాయి, వరసకట్టి వస్తున్నాయి. బుధవారం ఆడవాళ్ల ప్రార్థన కూటంలో ఇన్నేళ్లూ నేను చెప్పింది ఏమిటి, ఒప్పేసుకోండమ్మా, బరువు దిగుతుంది అని. ఎవరి బరువు వెళ్లి ఎవరి మీద దిగుతుందో ఎప్పుడూ చెప్పలేదు. ప్రభువా అని మొదలుపెట్టాను. ఏమడగాలి. దాన్ని నాకు ఉంచు అనే కదా నేను అడగబోయేది, ఇన్నాళ్లూ అడిగిందీ అదే. దాని పిల్లలు నన్ను అమ్మమ్మా అంటారు. నా సామానుపెట్టె తాళం దాని దగ్గరే ఉంటుంది, నన్ను పాతిపెట్టే చోటు కూడా అదే చూసిపెట్టింది, నువ్వు చల్లగా ఉండాలి కదా అని చెట్టు నీడలో. భయంగా ఉంది. వచ్చిన కొత్తలో పాములకీ జ్వరాలకీ కూడా నేనింత భయపడలేదు.

అది పావుగంట ముందే వస్తుంది, ఇవాళా వచ్చింది. వరండా ఆ చివర నుంచే తాళాల గుత్తి చప్పుడు. "ఏంటి పెద్దమ్మా, ఈ ఎండలో ఇక్కడ కూర్చున్నావు? మాత్ర వేసుకున్నావా? వేసుకోలేదు, నీ ముఖమే చెబుతోంది" అంటూ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అలా ఉండగానే చెప్పకపోతే ఇంక చెప్పలేను. కూర్చో పిట్టా అన్నాను. కూర్చుంది. ఆరో నంబరులో ఉన్నది మీ నాన్న అన్నాను. ఆయన నిన్ను వదిలెయ్యలేదు, నేను వెళ్లమన్నాను అన్నాను. మూడు వాక్యాలూ అన్నవి అన్నట్టు చెప్పాను, అనాలనుకున్నవీ చెప్పాను. గేటు తాత మాటా, ఏటి అవతల వంతెనా, సైకిలు మీద పాటా, ఒక్కటీ దాచలేదు. అది నా ముఖం చూడలేదు. ఎదుటి గోడ మీద మచ్చ ఏదో ఉంటే దాన్నే చూస్తూ విన్నది. నుదుటి మీది చెయ్యి ఎప్పుడు తీసేసిందో గమనించలేదు.

"మీకెప్పుడు తెలిసింది?" అంది. ఎవరితో మాట్లాడుతోందో నాకు క్షణం పాటు అర్థం కాలేదు. మీకు అంది. నీకు పదకొండేళ్లప్పుడు అన్నాను. "అంటే జడ వేస్తున్న రోజున మీకు తెలుసు." తెలుసు అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను, భాష రాక అలా జరిగిందనే కాబోలు. "భాష రాక అన్నదాని గురించి నేనేం అనడం లేదు. తర్వాత వచ్చింది కదా మీకు భాష" అంది. కోపం లేదు గొంతులో, రోగికి మందు వేళ చెప్పినట్టు చెప్పింది. లేచింది. తాళాల గుత్తి నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. "డ్యూటీకి ఎవర్నైనా చూడండి" అని లోపలికి వెళ్లింది.

గుమ్మం దగ్గర నిలబడ్డాను. అది కేసు కాగితం తీసి ఖాళీ గడిలో ఒక మాట రాసింది. ఆయన మణికట్టు పట్టుకుంది, నాడి చూడడానికి ఎంతసేపు పట్టుకోవాలో నేనే నేర్పాను దానికి, అంతకన్నా చాలాసేపు పట్టుకుంది. ఆయన కళ్లు తెరిచి, "ఏం సిస్టరమ్మా" అన్నాడు. "నేనే వస్తున్నాను మీ వెంట" అంది. "నీకెందుకమ్మా శ్రమ" అన్నాడు. అది దుప్పటి ఛాతీ దాకా లాగింది. స్ట్రెచర్ వచ్చింది. వాకిట్లో అంబులెన్సు డ్రైవరు కాగితం చూసుకుంటూ, "వెంట వచ్చేదెవరు? ఏమవుతారు?" అని అడిగాడు. "కూతుర్ని" అంది. ఆయన విన్నాడు. తల తిప్పి దాన్ని చూడలేదు, దాని భుజం మీదుగా నన్ను చూశాడు. నా వైపు, అనుమతి అడుగుతున్నట్టు. తల ఊపాను. అంతకన్నా ఇంకేమీ చెయ్యలేకపోయాను. అప్పుడు తిరిగి దాన్ని చూశాడు. అది ఆయన చెయ్యి వదలకుండానే బండి ఎక్కింది. డ్రైవరు తలుపు మూస్తూ నన్ను చూపించి, "పెద్దావిడ కూడా వస్తారా?" అన్నాడు. "లేదు. ఆవిడ ఇక్కడే ఉంటారు" అంది పిట్ట, తల తిప్పకుండా.

బండి గేటు దాటేదాకా నిలబడ్డాను. ఓడ దిగిన రోజు, ఒక్క మాట అర్థం కాకుండా రేవులో నిలబడినప్పుడు కూడా నాకిది పరాయి దేశమనిపించలేదు. ఇప్పుడనిపించింది.